ముందెవరు తాడు వదలాలి

శ్రావణ బహుళ విదియ

యంత్రాలకి బాస, అంటే భాష, కట్టేవాళ్ళు రోజువారీ రాసి తీరాలని మా బడి నియమం. ఏం కట్టామో యంత్రాలే చెబుతాయి, ఎందుకలా కట్టామో మనుషులు రాసిపెట్టకపోతే వెనక వచ్చేవాళ్ళకి తెలియదట. ఎల్లాజీ మాస్టారు ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఆవలింత వస్తుంది. ఆయనకీ ఆ సంగతి తెలుసు. "నూకరత్నం, ఆవలించీసి రాయి" అంటారు. ఆవలించాను. రాస్తున్నాను.

పొద్దున్న తెప్ప అంచున గుల్లలు గీకే వంతు నాది. గీకకపోతే గుల్లలు పేరుకుని తెప్ప బరువెక్కుతుంది. మా తెప్ప మీద ఆరు వీధులు, ఒక బడి, అందరికీ కలిపి ఒక వంటిల్లు, తొట్లలో తోటకూర, నోరూరుకోని జనం ఉన్నారు. కింద సముద్రం. తాతల నాడు ఇక్కడ నేల ఉండేదని పెద్దవాళ్ళు చెబుతారు. నాకు నేల మీద పెద్ద మోజు లేదు. ఊగకుండా ఉండే చోట నిద్రెలా పడుతుందో నాకు అర్థం కాదు.

తలెత్తితే ఎదురుగా కొత్త తెప్ప. ఎండాకాలంలో దక్షిణం నుంచి తేలుతూ వచ్చి మా అంచుకు తాళ్ళతో కట్టుకున్నారు. చిన్న తెప్ప, చిన్న చిన్న ఇళ్ళు, పిల్లలు బోలెడు. అలలు నిదానంగా ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. అసలు సంగతి గాలి తిరిగి తుఫానులు మొదలయ్యాక. అల పెద్దదైతే తెప్పల మధ్య తాళ్ళు వదులు చెయ్యాలి, లేకపోతే తాళ్ళు తెగి రెండు తెప్పలూ గుద్దుకుంటాయి. అల తగ్గగానే మళ్ళీ బిగించాలి, లేకపోతే దూరమైపోతాయి. తుఫానులో ఈ పని మనుషుల వల్ల కాదు. అంచు పొడుగునా ఉన్న తాళ్ళ చక్రాలు వాటంతటవే చేసుకోవాలి. వాటికి చెప్పాల్సింది మేము రాసివ్వాలి. పూర్వం దాన్ని ప్రోగ్రాం అనేవారట, మేం రాత అంటాం. రాత రాసే పద్ధతి బాస.

చిక్కెక్కడంటే, మా చక్రాలకి మా బాస, వాళ్ళ చక్రాలకి వాళ్ళ బాస. ఒకదాని మాట ఇంకొకదానికి ఎక్కదు. గాలి తిరిగేలోగా రెండింటికీ అర్థమయ్యే బాస ఒకటి తయారవ్వాలి. కాకపోతే తాళ్ళు విప్పి వాళ్ళని పంపించెయ్యాలని మా తెప్ప పెద్ద తవిటయ్య సభలో చెప్పేశాడు. అంత చిన్న తెప్ప ఒంటరిగా తుఫానుకి నిలవదని అక్కడున్న అందరికీ తెలుసు.

బడి చదువు ముగించాలంటే ఎవరైనా ఒక బాస కట్టాల్సిందే. నా ముందువాళ్ళు దీపాలకీ నీళ్ళ తొట్లకీ కట్టి బయటపడ్డారు. నా వంతుకి ఇది తగిలింది.

శ్రావణ బహుళ నవమి

కొత్త తెప్ప రాతలన్నీ రాసేది చెంగమ్మ. నా కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, చంకలో కూతురు, చేతిలో ఎండు చేపల పొట్లం. వచ్చీ రాగానే పొట్లం నా ముందు పెట్టింది. ఆవిడతో పేచీ పెట్టుకోకూడదని అప్పుడే అనుకున్నాను. మూడో చేప దగ్గర పెట్టుకున్నాను.

మా బాసలో చెయ్యాల్సిన పనులు వరసగా చెబుతాం. ఇది చెయ్యి, అయ్యాక అది చెయ్యి. వాళ్ళ బాసలో పని చెప్పరు, చివరికి ఎలా ఉండాలో చెబుతారు. ఆవిడకి తేలిగ్గా తెలియాలని మా కొండత్త చేపల పులుసుతో వివరించాను. ఉల్లిపాయ తరుగు, నూనె కాగాక వెయ్యి, వేగాక పులుసు పొయ్యి, మరిగాక ముక్కలు వెయ్యి.

"మాకట్టా గాదు," అంది చెంగమ్మ. "పులుసు పుల్లంగా ఉండాల, ముక్క ఇరగ్గూడదు, పైన నూనె తేలాల. అంతే చెప్తాం. ఎట్టా చేసుకుంటదో అది చూసుకుంటది."

"వరస చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?"

"నీ వరసలో ఉల్లిపాయ అయిపోతే నీ చక్రం ఆడనే నిలబడిపోద్ది గదమ్మే. మాది ఇంకో దారి ఎతుక్కుంటది."

నిజమే. అందుకే ఒళ్ళు మండింది. "మరి పుల్లగా ఉండాలన్నావని నీ యంత్రం చెప్పులు ఉడకేస్తే?"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. వాళ్ళ తెప్పలో ఒకసారి తాగునీటి తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలని రాస్తే, యంత్రం బుద్ధిగా సముద్రపు నీళ్ళు తోడి నింపేసిందట. ఊరంతా రెండు రోజులు కొబ్బరినీళ్ళ మీద బతికారట.

సాయంత్రానికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఎలా ఉండాలో ముందు చెప్పాలి. ఏం చెయ్యకూడదో తర్వాత చెప్పాలి. వరస అవసరమైనచోటే చెప్పాలి. రెండు బాసల పెళ్ళి చేసినట్టు ఉంది. పొట్లం మాత్రం ఖాళీ.

భాద్రపద శుద్ధ పంచమి

నిన్నటి ఉండ్రాళ్ళు ఇంకా అరగలేదు. అయినా కూర్చున్నాను.

బాస ఒక రూపానికి వస్తోంది. మాటలు తక్కువ పెట్టాను. ఎక్కువ మాటలున్న బాస రాసేటప్పుడు హాయిగా ఉంటుంది, మరొకరు చదివేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఒక్కో మాటకి ఒక్కటే పని. ఎవరైనా తాడు పేరు తప్పు రాస్తే, యంత్రం దాకా పోకుండా ముందే తనిఖీలో దొరికిపోతారు. మా బాసలన్నింటికీ ఒక తనిఖీ ఉంటుంది. అది రాతను చదివి, అర్థం లేని చోట నిర్మొహమాటంగా వెనక్కి కొడుతుంది. మా తెప్ప మొత్తం మీద మొహమాటం లేనిది అదొక్కటే.

మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అడగాల్సిన ప్రశ్న అడిగారు. ప్రతి బాసకీ ఆయన అడిగే ప్రశ్న అదే.

"ఏటీ సెప్పకపోతే ఏటవుద్ది?"

ఈసారి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఆగుతుంది, మాస్టారూ. చెప్పకపోతే ఆగు. అదే ఈ బాసకి మూలసూత్రం."

"ఎందుకలాగ?"

"తెలియనప్పుడు దూకడం కంటే ఆగడం క్షేమం కదా. పైగా రెండు తెప్పల మధ్య వ్యవహారం. ఆగడం మర్యాద."

"ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అంటే మంచిది కాదు. కానీ ఇంకేం అనలేదు. నేనూ రెట్టించలేదు, ఆకలేస్తోంది.

రాతలు ఎవరివి వాళ్ళే రాసుకుంటాం. మా చక్రాల రాత నాది, వాళ్ళ చక్రాల రాత చెంగమ్మది. ఒక తెప్ప రాత ఇంకో తెప్పవాళ్ళు చదవరు. ఎదుటివాళ్ళ వంటింట్లో మూతలు తీసి చూసినట్టు ఉంటుంది. ఈ విషయంలో ఉత్తరమైనా దక్షిణమైనా సముద్రం మీద అందరిదీ ఒకటే పద్ధతి.

భాద్రపద బహుళ తదియ

ఈరోజు తొక్కుడు. కొత్త బాస ఏదైనా యంత్రాలకి ఇచ్చేముందు మనుషులు దాన్ని బడి ముంగిట్లో తొక్కి చూడాలి. ఒక్కొక్కరు ఒక్కో యంత్రం అవుతారు. రాతలో ఏం ఉంటే అది చెయ్యాలి, లేనిది చెయ్యకూడదు. చెప్పులు బయట విడిచేటప్పుడు బుర్ర కూడా అక్కడే విడిచి రావాలని నియమం. వినడానికి సరదాగా ఉంటుంది గాని చాలా కష్టం. నిరుడు దీపాల బాస తొక్కినప్పుడు ఒకాయన దీపమై, ఆర్పమని రాత చెప్పలేదని భోజనాల వేళ దాకా చెయ్యెత్తుకుని నిలబడ్డాడు.

మా చక్రంగా కొండత్తని పెట్టాను. మా నాన్న చెల్లెలు, ఊరి వంటిల్లు ఆవిడదే. చేతుల్లో బలం ఉంది, ఎవరికీ జంకదు. వాళ్ళ చక్రంగా వాళ్ళ తెప్ప పెద్ద రమణయ్య వచ్చాడు. పెద్దవాడు, బక్కపలచన, మాట తక్కువ. ఇద్దరి మధ్యా తాడు కట్టాం. బడి పిల్లలు అలలయ్యారు. అంత ఆనందం వాళ్ళకి చదువులో ఎప్పుడూ చూడలేదు. నేను కొండత్త చెవిలో మా రాత చదువుతున్నాను. చెంగమ్మ రమణయ్య చెవిలో వాళ్ళ రాత చదువుతోంది.

చిన్న అలలు సజావుగా నడిచాయి. ఇంతలో వంటింటి వైపు నుంచి మాడు వాసన.

"ఓలమ్మో, నా పులుసు!" అంది కొండత్త.

"రాతలో పులుసు లేదు అత్తా. కదలకూడదు."

"మాడిపోతందే గుంటా!"

"రాతలో లేదు."

కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని మహాతల్లి అడుగు కదపలేదు. అందరికీ నవ్వాగలేదు.

తర్వాత పెద్ద అల వచ్చింది. అంటే పిల్లలంతా కలిసి అరుచుకుంటూ మీద పడ్డారు. తాడు బిగిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఆ వెంటనే తాడు వదులైంది, రెండు వైపులా ఒకదాని వెనక ఒకటి. పిల్లలు చప్పట్లు కొట్టారు. తవిటయ్య లేచి, "బాస నడిసింది" అని ప్రకటించాడు. చెంగమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పులుసు మాడింది. అందరం మాడిన పులుసే తిన్నాం. ఇంత రుచిగా ఎప్పుడూ లేదు.

భాద్రపద బహుళ షష్ఠి

నిజం చక్రాలకి ఎక్కించాం. గాలి ఇంకా తిరగలేదు గాని పోటు బలంగా ఉంది, ఒక మోస్తరు అలలు వస్తున్నాయి. పరీక్షకి సరిగ్గా సరిపోతాయి. రెండు తెప్పల జనం అంచున గుమిగూడారు. ఎవరో వేరుశనగలు కూడా వేయించుకుని తెచ్చారు.

చిన్న అలకి చక్రాలు ముద్దుగా తిరిగాయి. పెద్ద అల వచ్చింది. తాళ్ళు బిగిశాయి. మా చక్రం కదల్లేదు. వాళ్ళ చక్రం కదల్లేదు. ఇంకో అల వచ్చింది. తాడు కీచుమంది. చక్రాలు రెండూ కొత్తల్లుళ్ళలా బిర్రబిగుసుకుని కూర్చున్నాయి. మొదట జనం నవ్వారు. తర్వాత ఒక తాడు పోగులు పోగులుగా విడిపోవడం మొదలైంది. నవ్వు ఆగిపోయింది.

తవిటయ్య మనుషులు గొడ్డళ్ళతో వచ్చి ఆ తాడు నరికేశారు. మిగతావి పోటు తగ్గేదాకా నిలిచాయి, అదృష్టం. వాళ్ళ తెప్ప అంచున పిల్లలు మాట్లాడకుండా నిలబడి మా వంక చూస్తున్నారు. మూడు రోజుల కిందట అలలై నా మీద పడి అరిచిన పిల్లలే.

"అమావాస్య దాకా సూస్తాం," అన్నాడు తవిటయ్య. "అప్పటికి కాకపోతే తాళ్ళిప్పీడమే. నాకేటి సరదానా? మనోళ్ళ పానాలు నాను సూసుకోవాల గదా." మంచివాడు, భయస్తుడు. ఆ రెండూ ఆయన ముఖంలో ఒకేసారి కనబడ్డాయి.

నేను అన్నం తినలేదు. ఇది రాసి పెట్టుకోదగ్గ విషయం, ఎందుకంటే నాకు ఊహ తెలిశాక ఇదే మొదటిసారి.

భాద్రపద బహుళ అష్టమి

తొక్కుడులో నడిచింది చక్రాల మీద ఎందుకు నడవలేదు? తెల్లారినప్పటి నుంచి ఇదే. నా రాత పదిసార్లు చదివాను. తప్పు లేదు. చెంగమ్మ తన రాత చదువుకుంది. తప్పు లేదంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఎవరి రాతలోకి వాళ్ళం చూసుకుంటున్నాం.

చివరికి సిగ్గు విడిచి అడిగాను. "పెద్ద అలకి నీ చక్రం ఏం చెయ్యాలని రాశావు?"

ఆవిడ తటపటాయించింది. వంటింటి మూత తీసి చూపించడమే కదా. "మీరు వదిలినాక మేం వదలాలని."

నా రాతలోనూ అదే ఉంది. వాళ్ళు వదిలాక మేం వదలాలి. వచ్చినవాళ్ళు కదా, ముందు వాళ్ళకే అవకాశం ఇవ్వాలని నేను. మీ ఊరు కదా, ముందు మీరే కానియ్యాలని ఆవిడ. ముందు మీరంటే ముందు మీరని రెండు చక్రాలూ ఒకదానికొకటి దారిచ్చుకుంటూ తాడు తెగేదాకా కూర్చున్నాయి. మా రెండు తెప్పల మర్యాద అంతా పోగేసి ఒక్క చోట పెట్టాం. పైగా నా బాసకి మూలసూత్రం, చెప్పకపోతే ఆగు. మాస్టారి ఊఁ ఇప్పుడు అర్థమైంది.

మరి తొక్కుడులో ఎలా నడిచింది? లేచి వంటింటికి పరిగెత్తాను. కొండత్త చేపలు కడుగుతోంది.

"అత్తా, తొక్కుడులో పెద్ద అల వచ్చినప్పుడు ఏం చేశావు?"

"ఏటి సేస్తాను? తాడొగ్గీసినాను."

"రమణయ్య వదిలాక వదలమని కదా నేను చదివింది!"

ఆవిడ చెయ్యి ఆగింది. "అవునే. నానే ముందొగ్గీసినాను" అంది.

"పులుసు మాడిపోతుంటే రాతలో లేదని కదల్లేదు కదా. తాడెందుకు వదిలావు?"

"పులుసు మనదే గదే, మాడితే మాడింది. అక్కడ ఆ పెద్దాయన సేతులు ఒణుకుతన్నాయి. తాడట్టుకుని నా కేసి సూస్తన్నాడు. ఏటి సెయ్యమంతావు? బుర్రైతే సెప్పుల కాడ ఒగ్గీసినాను గాని..."

మిగతాది చెప్పకుండా చేప అటు తిప్పి కడిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చేతులకి చేపల నీచున్నా లెక్కచెయ్యకుండా కావలించుకున్నాను.

భాద్రపద బహుళ ద్వాదశి

బాస మార్చాను. చెంగమ్మ పక్కనే ఉంది.

ఇక తనిఖీ రెండు తెప్పల రాతల్నీ పక్కపక్కన పెట్టి చదువుతుంది. సముద్రం మీద ఇది అమర్యాదే, కానీ చదివేది మనిషి కాదు గనక తవిటయ్య నసుగుతూ ఒప్పుకున్నాడు. ఒకదాని కోసం ఒకటి ఆగే చక్రాలు ఎక్కడున్నా, వాటిలో ముందెవరో రాసి ఉండాలి. లేకపోతే ఆ రాత యంత్రం దాకా పోదు. ఇద్దరూ ముందు మేమే అని రాసినా పోదు, ఒకేసారి వదిలితే తాళ్ళు నీళ్ళలో మెలిపడతాయి. చెప్పకపోతే ఆగు అన్నది అలాగే ఉంచాను. ఆగేది మాత్రం తుఫాను మధ్యలో చక్రం దగ్గర కాదు, పగటిపూట పీట మీద కూర్చుని రాసేవాళ్ళ దగ్గర.

మాస్టారు చదివారు. అద్దాలు నుదుటి మీదే ఉన్నాయి, మరి ఎలా చదివారో. "ఇప్పుడు సరైన సోట ఆగుతంది," అన్నారు. ఆయన నోట ఇంత పెద్ద మెప్పు నేను ఎరగను. పాత రాతలు తనిఖీకి ఇచ్చాను. ఠక్కున వెనక్కి కొట్టింది: ముందు ఏ తెప్ప వదలాలో ఎవరూ చెప్పలేదు.

బాస నా పని. ముందెవరన్నది నేను చెప్పగలిగేది కాదు. దానికి సభ కావాలి.

మహాలయ అమావాస్య

సభ పొద్దున్నే బడి ముంగిట్లో జరిగింది. రెండు తెప్పలవాళ్ళూ వచ్చారు.

ముందు వదిలిన తెప్పకి కష్టం ఎక్కువ. తాళ్ళ వైపు మూల తేలిపోయి విపరీతంగా ఊగుతుంది. రెండో తెప్ప కూడా వదిలితే సర్దుకుంటుంది. రెండోది వదలకపోతే ఊగిన మూల పగులుతుంది. ఈ ముక్క నేను లేచి చెప్పాను. మా వాళ్ళు వాళ్ళ వంక, వాళ్ళు మా వంక చూశారు. అది చూస్తుంటే మళ్ళీ ఆ రెండు చక్రాలే గుర్తొచ్చాయి.

తవిటయ్య దగ్గి, "వొచ్చినోళ్ళు గదా, ముందు ఆళ్ళొగ్గితే బాగుంతది" అన్నాడు.

రమణయ్య లేచాడు. అంతమందిలో ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"ముందు ఒక తెప్పతో కట్టుకోనుంటిమి," అన్నాడు. "మీరు ముందు వదలండి, మేం వెనకనే వదులుతాం అన్యారు. వదిలినాం. వాళ్ళు వదల్లా. మా మూల ఇళ్ళు మూడు నీళ్ళలో పోయినాయి. మా తమ్ముడి ఇల్లు ఒకటి. మిమ్మల్ని అనుమానించడం లేదు. మా చేతులు రావడం లేదు, అంతే. ముందు మేమే వదలాల్సి వస్తే, పోతాం మేం. తాళ్ళిప్పండి."

చెంగమ్మ తల వంచుకుంది. కూతుర్ని మరింత దగ్గరికి లాక్కుంది. నాకు ఇక ఈ బాస, ఈ చదువు, ఏదీ అక్కర్లేదనిపించింది. మా వాళ్ళు నోరు తెరవకపోతే నేనే అరుస్తానేమోనని భయం.

తవిటయ్య మా మూల వైపు చూశాడు. అక్కడే ఊరి వంటిల్లు ఉంది. "ముందు మనం ఒగ్గితే మన మూలకి దెబ్బ. వంటిల్లు ఊగిపోద్ది. రేపు ఊరంతా ఏటి తినాల?"

కొండత్త లేచింది. ఆవిడ సభలో ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది.

"ఊగేది నా వంటిల్లే గదా, తవిటయ్యా," అంది. "నా కుండలు నాను కట్టుకుంతాను. ముందు మనమే ఒగ్గుదుం."

"ఆళ్ళొగ్గకపోతే?"

"మనం మూడిళ్ళు పోగొట్టుకున్నామేటి? పోగొట్టుకున్నోళ్ళకాడ ముందు నువ్వొగ్గంటే ఎలాగ ఒగ్గుతారు?" అని కూర్చుంది. కూర్చున్నాక మళ్ళీ లేచి, "పప్పు పొయ్యి మీదుంది, తొరగా తెముల్చండి" అంది.

తవిటయ్య అరచేతులు చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రాయే నూకరత్నం" అన్నాడు. మా రాతలో ఒక్క వరస చేర్చాను: ముందు మేము. చెంగమ్మ తన రాతలో చేర్చింది: వాళ్ళ తర్వాత. తనిఖీకి ఇచ్చాం. ఏమీ అనలేదు. అది ఏమీ అనకపోవడమే అంగీకారం.

ఆశ్వయుజ శుద్ధ దశమి

గాలి తిరిగింది. పొద్దున్న అంబలి తాగుతుండగా ఆకాశం ఈశాన్యాన నల్లబడింది. మధ్యాహ్నానికి ఎదుటి మనిషి మాట వినబడలేదు. నేను వంటింట్లో కొండత్తతో ఉన్నాను. ఇంట్లో ఉండమని అందరూ చెప్పారు. నేను రాసిన వరస వల్ల ఊగేది ఈ గది. నేనిక్కడ లేకపోతే ఇంకెక్కడుంటాను?

పెద్ద అల వచ్చింది. మా చక్రం తిరిగిన చప్పుడు కాళ్ళ కింద తెలిసింది. మా మూల గాల్లోకి లేచింది. కొండత్త ఒక చేత్తో స్తంభాన్ని, ఒక చేత్తో నన్ను పట్టుకుంది. గోడకి కట్టిన కుండలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. కిటికీలోంచి వాళ్ళ అంచు చూస్తున్నాను. వాళ్ళ చక్రం కదల్లేదు. ఇంకా కదల్లేదు. నా బాస, నా తనిఖీ, నా చదువు, ఏదీ గుర్తు లేదు. తిరగవే తల్లీ, తిరగవే అని అరుస్తున్నాను.

తిరిగింది. తాడు జారింది. మా మూల మెల్లగా కిందికి దిగింది. గది సర్దుకుంది. ఇదంతా ఊపిరి తీసి వదిలేంత సేపు. నాకు మాత్రం ఒక తొట్లో తోటకూర ఎదిగేంత కాలం.

ఆ తర్వాత అల వచ్చినప్పుడల్లా అదే వరస. ముందు మాది, వెనకే వాళ్ళది. సాయంత్రానికి మాకు అలవాటైపోయి కొండత్త పొయ్యి కూడా వెలిగించింది. వాన వెలిశాక బయటికి వెళితే రెండు తెప్పలూ అక్కడే ఉన్నాయి, మధ్యన తాళ్ళన్నీ ఉన్నాయి. అవతలి అంచున రమణయ్య నిలబడి చక్రం మీద చెయ్యి వేసి ఉన్నాడు. చెంగమ్మ నన్ను చూసి ఏదో అరిచింది. గాలికి వినబడలేదు. నేనూ ఏదో అరిచాను.

నష్టం: ఆవకాయ జాడీ ఒకటి. అన్నిటినీ కట్టిన కొండత్త దాన్ని కట్టడం మర్చిపోయింది. ఈ దుఃఖం ఇప్పట్లో తీరేది కాదు.

మరుసటి ఏడు, భాద్రపద బహుళ పంచమి

బడిలో ఇప్పుడు నేను పిల్లలకి బాసలు చెబుతున్నాను. నేను చెబుతుంటే వాళ్ళు ఆవలిస్తారు. ఆవలించి రాయమంటాను.

గాలి తిరిగే ముందు ప్రతి ఏడూ రాతల్ని మళ్ళీ తనిఖీకి పెట్టాలి. ఊరికే ఒక లాంఛనం అనుకుని ఈ ఉదయం పెట్టాను. వెనక్కి కొట్టింది. ఏడాదిగా ఒక్క మాట అనని తనిఖీ, ఈరోజు ఇలా రాసింది: రెండు తెప్పలూ ముందు మేమే అంటున్నాయి, ఒకరు తగ్గాలి.

మా రాతలో నేనేమీ ముట్టుకోలేదు. పరుగున అంచుకి వెళ్ళాను. చెంగమ్మ అవతల కూర్చుని గుల్లలు గీకుతోంది. పక్కన కూతురు నీళ్ళలో కాళ్ళాడిస్తోంది. నేను వచ్చింది తెలిసి కూడా తలెత్తలేదు. నవ్వు మాత్రం పెదాల మధ్య బిగబట్టుకుంది.

"నీ రాత మార్చావా?"

"మార్చినా."

"నాతో చెప్పలేదేం?"

"మా రమణయ్య చెప్పొద్దన్యాడు. నీకు చెప్తే మీ అత్తకి చెప్తావు, ఆమె వద్దంటదంట." అప్పుడు తలెత్తింది. "ఈ ఏడు మేం ముందు వదులుతాం. మీ జాడీలు జాగర్త."

నేను బడికి తిరిగొచ్చాను. పీట వేసుకుని కూర్చుని మా రాత తీశాను. ముందు మేము అన్న వరస కాసేపు చూశాను. తర్వాత దాన్ని చెరిపి, వాళ్ళ తర్వాత అని రాశాను.

తనిఖీ మారు మాట్లాడలేదు.